కుడివైపు జేబు

హీరో చొక్కా పోయింది ఒక బుధవారం పొద్దున్న. పోయిందంటే ఎవరో ఎత్తుకుపోలేదు. గాడిద తినేసింది.

నిజానికి తప్పు గాడిదది కాదు, గంజిది. అద్దెకు తెచ్చిన ఆ చొక్కాకు దట్టంగా గంజి పెట్టి ఉంది. మూకీల రోజుల్లో అయితే ఆ సంగతి ఎవరికీ పట్టేది కాదు. ఇప్పుడు వచ్చింది టాకీల కాలం. ఊరవతల చాట్స్‌వర్త్ అనే చోట బండల మధ్య ఒక పొదలో మైకు దాచి, హీరో డ్వైట్ చేత నాలుగు మాటలు పలికించి చూశారు. శబ్దం పట్టే బండిలో చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్న ఆస్కర్ మొహం చిట్లించుకుని బయటికి వచ్చాడు.

"ఎవరయ్యా అక్కడ ఎండుటాకులు నలుపుతోంది?"

"ఎవరూ లేరు. నేను చెయ్యెత్తానంతే," అన్నాడు డ్వైట్.

"ఏదీ, మళ్ళీ ఎత్తు."

డ్వైట్ చెయ్యెత్తాడు. ఆస్కర్ తల పట్టుకున్నాడు. "నీ చొక్కానయ్యా! నీకంటే అదే గట్టిగా మాట్లాడుతోంది. దాన్నే హీరోగా పెట్టుకుంటే పోయేది, గుర్రమైనా సుఖపడేది."

నిర్మాతా, దర్శకుడూ, అవసరమైతే బండి డ్రైవరూ కూడా తానే అయిన హాల్బర్ట్ నవ్వలేదు. "లియోటా! దీని గంజి వదలగొట్టు. మధ్యాహ్నానికి ఆరిపోవాలి," అన్నాడు.

బట్టలు చూసే లియోటా దాన్ని బకెట్టులో మూడు నీళ్ళు మార్చి ఉతికి, పొద మీద ఆరేసి, విలన్ కోటుకు బొత్తాం కుట్టడానికి వెళ్ళింది. ఆ సినిమాలో బంగారం వెతుక్కునే ముసలాడి సామాను మోయడానికి ఒక గాడిదను తెచ్చారు. దానికి ఆ రోజు పనేమీ లేదు. లియోటా తిరిగి వచ్చేసరికి పొద మీద మిగిలింది ఒక చేతిపట్టీ, కాస్త కాలరూ.

పెద్ద కంపెనీలు హీరోకు ఒకే రకం చొక్కాలు అరడజను కుట్టిస్తాయి. హాల్బర్ట్ కంపెనీకి ఎప్పుడూ ఒకటే. పోతే పోయిందని వేరే చొక్కా తొడిగించే వీలూ లేదు. ఆ సినిమాకు ప్రాణం అందులోని గుర్రాల పరుగు. ఇరవైమంది రౌతులు, లోయలోంచి ఎగసే దుమ్ము, ఇవన్నీ తీసే తాహతు హాల్బర్ట్‌కు లేదు. అందుకని ఒక పాత మూకీలోంచి ఆ పరుగు మొత్తాన్ని కొన్నాడు. దూరంగా పరిగెత్తేది పాతవాడు, దగ్గరగా పళ్ళు బిగించి కనిపించేది డ్వైట్. ఇద్దరూ ఒకడేనని జనం నమ్మాలంటే ఇద్దరి ఒంటి మీదా ఒకే చొక్కా ఉండాలి. ఆ కాలపు చవక సినిమాలన్నీ ఇలా అతుకుల మీదే నడిచేవి.

"స్టూడియోకి వెళ్ళు," అన్నాడు హాల్బర్ట్. "ఎడిటింగ్ గదిలో ట్రూడీ దగ్గర ఆ పాత రీలుంది. చూసి, అచ్చం అలాంటిదే కుట్టుకురా. రేపు పొద్దున్న ఎండెక్కేలోగా నాకు చొక్కా కావాలి."

"రీలు చూడక్కర్లేదండీ. ఆ చొక్కా ఎలా ఉంటుందో నాకు తెలుసు."

"ఎలా తెలుసు?"

"ఆ సినిమా చూశాను."

"ఎప్పుడో చూసిన సినిమాలో చొక్కా గుర్తుందా నీకు? నాకు మొన్న తీసిన సినిమాలో కథే గుర్తులేదు."

"ఉంటే కదా గుర్తుండడానికి," అన్నాడు బండిలోంచి ఆస్కర్.

నవ్వుల మధ్య లియోటా తన సంచీ తీసుకుని, ఊళ్ళోకి వెళ్ళే సామాను లారీ ఎక్కింది. ఆ చొక్కా ఆమెకు సినిమా చూసి తెలిసింది కాదు. దాన్ని కుట్టింది ఆమే. ఆ రీలులో దాన్ని తొడుక్కుని పరిగెత్తేది ఆమె భర్త ఎమెట్.

ఎమెట్ సినిమాల్లో గుర్రపు స్వారీ చేసేవాడు. మొహం హీరోది, స్వారీ ఇతనిది. ఆ షూటింగుకు రెండు రోజుల ముందు జీను ఇంటికి తెచ్చి వంటింటి కుర్చీ మీద వేశాడు. ఎడమ కాలు పెట్టే రికాబు తోలుపట్టీ కుట్లు వదిలాయి. "జీన్లు కుట్టేవాడి దగ్గరికి వెళ్ళే తీరిక లేదు. నువ్వే కుట్టెయ్," అన్నాడు. లియోటా తండ్రి ఓవెన్స్ లోయలో గుర్రపు సామాను బాగుచేసేవాడు. దబ్బనం పట్టడం ఆమెకు చిన్నప్పుడే వచ్చు. మైనం పట్టించిన దారంతో రెండు వరసలు కుట్టి ఇచ్చింది.

ఆ రెండో రోజే ఎమెట్ పరుగులో గుర్రం మీద నుంచి పడ్డాడు. వెనక గుర్రాలు ఆగలేకపోయాయి. ఆసుపత్రిలో ప్రాణం పోయింది.

రికాబు పట్టీ తెగిందన్నారు. ఏ పక్కదో ఎవరూ అనలేదు, ఆమె అడగలేదు. జీను కంపెనీది, కంపెనీ తీసుకుపోయింది. బేకర్స్‌ఫీల్డ్‌లో కూతురి దగ్గర ఉండే అత్తగారు ఆర్ఫా సమాధి కార్యక్రమానికి వచ్చింది. అందరూ వెళ్ళాక ఒక్క మాటే అడిగింది.

"ఆ పట్టీ కుట్టిందెవరు?"

"నేనేనమ్మా."

ఆర్ఫా కోటు బొత్తాం ఒకటి దారానికి వేలాడుతోంది. లియోటా సూది తెచ్చింది. ఆర్ఫా కోటును దగ్గరికి లాక్కుంది. "వద్దులే అమ్మా. నేనే కుట్టుకుంటాను," అంది. అంతే. ఆ తర్వాత పండక్కి కార్డు వస్తే అది ఆడపడుచు చేతిరాతతోనే వచ్చేది.

కొన్నాళ్ళకు సినిమా విడుదలైంది. పడ్డ దృశ్యాన్ని కంపెనీ పారేయలేదు, కథలో కలిపేసుకుంది. లియోటా ఒంటరిగా వెళ్ళి చూసింది. తన అనుమానం అబద్ధమైతే బాగుండునన్న ఆశ ఒక్కటే ఆమెను అక్కడికి తీసుకెళ్ళింది. తెర మీద ఎమెట్ గుర్రం ఎడమ వైపుకు దూసుకుపోయింది. ఎడమ పక్క రికాబు ఊడి కింద పడింది. ఎడమ కాలు గాల్లోకి జారింది. ఇక అడగవలసింది లేదనుకుంది. ఆనాటి నుంచి ఆమె తోలు ముట్టలేదు. ఆ మాట ఎవరితోనూ అనలేదు. బట్టలు కుట్టడం మాత్రం మానలేదు, తిండి అందులోంచే రావాలి కాబట్టి.

హాల్బర్ట్ కొన్న పరుగు ఏ సినిమాలోదో ఆమెకు మొదటి రోజే తెలిసింది. నోరు విప్పలేదు. రీలు చూడకుండా పని జరుగుతుంది కదా అనుకుంది. ఇన్నాళ్ళూ జరిగింది కూడా.

స్టూడియో అంటే గవర్ వీధిలో ఒక రేకుల షెడ్డు, దాని వెనక మూడు గదులు. లియోటా ముదురు నీలం నూలుగుడ్డ తీసుకుంది. కత్తెర పెట్టకముందే దాన్ని వేణ్ణీళ్ళలో ఉడికించి మెత్తబరిచింది, ఆస్కర్‌కు మళ్ళీ ఎండుటాకులు వినపడకుండా. ఇస్త్రీ పెట్టె కిందే ఆరబెట్టింది. భుజాల మీద తెల్ల ముక్క, దాని అంచున సన్నని తాడు కుట్టు, మోచేతి దాకా బిగుతు, ఎడమ రొమ్ము మీద అద్దె చొక్కాకు లేని తెల్ల అర్ధచంద్రాకారపు జేబు. కొలత బద్ద అక్కర్లేకపోయింది. ఒక మనిషికి ఎన్నోసార్లు కుట్టినదాన్ని చేతులు మరచిపోవు. డ్వైట్ ఎమెట్ కంటే కాస్త లావు, నడుము దగ్గర ఆ కాస్త వదిలింది. అలా వదులుతున్నప్పుడు మాత్రం ఒకసారి కత్తెర పక్కన పెట్టి, కిటికీలోంచి వీధిని చూస్తూ కూర్చుంది.

చొక్కా పూర్తయ్యేసరికి ఇంకా పొద్దుంది. ట్రూడీకి ఒకసారి చూపించి సరే అనిపించుకుంటే పని అయిపోతుంది. గుమ్మంలోనే చూపించి వచ్చేద్దామనుకుంది.

ట్రూడీ పెద్దావిడ. తెల్ల నూలు చేతితొడుగులు, ముడిలో పెన్సిలు, మెడ చుట్టూ దండల్లా ఫిల్ము ముక్కలు. హాల్బర్ట్ సినిమాలన్నీ ఆమె చేతి మీదుగానే ఒక దారికొచ్చేవి.

"రామ్మా రా. గాడిద సంగతి విన్నాను. పాపం, హాల్బర్ట్ సినిమాలో కడుపు నిండినవాడు అదొక్కడే." చొక్కా అందుకుని దీపం కింద పట్టింది. "బాగుంది. అబ్బ, చాలా బాగుంది. కానీ జేబు తప్పు పెట్టావు."

"లేదండీ. అర్ధచంద్రమే."

"ఆకారం కాదు, పక్క. కుడి పక్క ఉండాలి."

"ఎడమ పక్కే," అంది లియోటా.

"నేను నెల్లాళ్ళుగా ఈ రీలు చూస్తున్నానమ్మా. కుడి పక్క."

"మగవాళ్ళ చొక్కాకు జేబు కుడి పక్క ఎవరు కుడతారు? ఎడమే. నాకు బాగా తెలుసు."

"నీకెలా తెలుసు?"

"దాన్ని కుట్టింది నేనే కాబట్టి."

"నువ్వా!" ట్రూడీ ఆశ్చర్యపోయింది. "అయితే ఇంకేం, నీ కళ్ళతోనే చూసుకో. నీ మాట నెగ్గితే నా భోజనం నీకిస్తాను." అంటూనే ఆమె భుజం పట్టుకుని ఎడిటింగ్ యంత్రం ముందు కూర్చోబెట్టింది. కన్ను ఆనించి చూసే చిన్న అద్దం, కాలితో తొక్కితే తిరిగే చక్రం. వద్దనే వ్యవధి కూడా ఇవ్వలేదు.

అద్దంలో లోయ కనిపించింది. దుమ్ము. దుమ్ములోంచి ఎమెట్ వచ్చాడు.

తపాలా బిళ్ళంత బొమ్మ. మొహం తెలియదు. కానీ జీను మీద కాస్త ముందుకు వాలి కూర్చునే ఆ తీరు, ఎడమ భుజం కొద్దిగా పైకెత్తే ఆ అలవాటు ఆమెకు తెలుసు. కాదు, ఎడమ భుజం కాదు. బొమ్మలో పైకి లేచింది కుడి భుజం.

"చూడు, చూడు," ట్రూడీ పక్క నుంచి చెబుతోంది. "ఎవరో గానీ వీడు జీను మీదే పుట్టుంటాడు. అదిగో మలుపు దగ్గర ఇటు తిరుగుతాడు. జేబు చూశావా?"

మలుపు దగ్గర గుర్రం ఇటు తిరిగింది. తెల్లటి అర్ధచంద్రం కుడి రొమ్ము మీద మెరిసి మాయమైంది.

"ఇంకోసారి," అంది లియోటా.

ట్రూడీ వెనక్కి తిప్పి మళ్ళీ నడిపింది. మళ్ళీ కుడి పక్కే. జీనుకు కట్టిన తాడు చుట్ట కూడా ఎడమ పక్క వేలాడుతోంది. ఎమెట్ కుడిచేతి వాటం మనిషి. తాడు ఎప్పుడూ కుడి పక్కే కట్టేవాడు.

"తాడు కూడా తప్పు పక్కనుంది," అంది లియోటా నెమ్మదిగా.

"తాడా? ఏదీ?" ట్రూడీ ఆమెను జరిపి తాను కన్ను పెట్టింది. తర్వాత ఫిల్మును బయటికి లాగి వెలుతురుకు ఎత్తి పట్టుకుని అంచు చూసింది. "చచ్చుదాన్ని! నెల్లాళ్ళుగా చూస్తున్నానని పైగా గొప్పలు. అంచున ఈ అక్షరాలు చూడు. అద్దంలో చూసినట్టు తిరగబడి లేవూ? ఆ పాత కంపెనీవాళ్ళు బొమ్మను తిప్పి అచ్చు వేశారు."

"తిప్పి అంటే?"

"కుడి ఎడమైంది, ఎడమ కుడైంది. చాలామంది చేసే పనే. దొంగలు ఎడమకు పారిపోతుంటే తరిమేవాడూ ఎడమకే పోవాలి. వీడు కుడికి పోతున్నాడనుకో, జనం ఏమనుకుంటారు? ఇద్దరూ ఎదురుపడి కరచాలనం చేసుకోబోతున్నారనుకుంటారు. ఎండ ఏ వైపుందో, ఏం తొందరలో ఉన్నారో, తప్పు వైపు తీసి ఉంటారు. మళ్ళీ తీయడమెందుకని తిప్పేశారు. నీ మాటే నెగ్గిందమ్మా, నువ్వు జేబు ఎడమకే కుట్టావు. కానీ మనకు కావాల్సింది తప్పు జేబే. మన దొంగల్ని కూడా హాల్బర్ట్ ఎడమకే పరిగెత్తించాడు."

లియోటా వినడం మానేసింది. పెళ్ళికి ముందు బిషప్ అనే ఊళ్ళో చిన్నపిల్లలకు ఆమె పాఠాలు చెప్పేది. పెళ్ళయిన ఆడవాళ్ళకు బడిలో చోటు లేదని తర్వాత తీసేశారు. పిల్లలకు కుడిచెయ్యి నేర్పేటప్పుడు, వాళ్ళకు ఎదురుగా నిలబడి తాను ఎడమ చెయ్యి ఎత్తేది. తన కుడి ఎత్తితే వాళ్ళు ఎడమ ఎత్తుతారు. ప్రతి కొత్త టీచరూ మొదటివారంలో ఆ పొరపాటు చేస్తుంది. ఇప్పుడు కుర్చీలో కూర్చుని, తనకు తెలియకుండానే ఎడమ చెయ్యి కాస్త పైకెత్తి, దాన్ని చూసుకుని దించేసింది.

"ట్రూడీ. అయితే ఇందులో ఎడమ అని కనిపించేదంతా కుడేనా?"

"అంతా."

"అన్నీనా?"

"చొక్కాకు ఒక న్యాయం, గుర్రానికి ఒక న్యాయం ఉండదు కదమ్మా. ఏం, ఎందుకలా అడుగుతున్నావు?"

"ముందుకు తిప్పండి. అతను పడే దాకా."

ట్రూడీ ఆమె మొహంలోకి చూసింది. "పడతాడని నీకెలా తెలుసు?" అని అడిగి, జవాబు రాకముందే తగ్గు గొంతుతో అంది, "ఆ ముక్క మనకక్కర్లేదు. మన కథలో హీరో పడడు. చూడకు, బాగుండదు."

"తిప్పండి."

మలుపు దాటాక గుర్రం ఎడమకు సాగింది. ఎడమ పక్క రికాబు ఊడింది. అప్పుడు థియేటర్లో చూసిందే. ఏమీ మారలేదు. అప్పుడు అక్కడితో కళ్ళు మూసుకుంది. ఇప్పుడు మూసుకోలేదు. ఎమెట్ ఈ పక్కకు ఒరిగాడు.

"దీన్ని తిరగేసి చూపించగలరా? నిజంగా ఎలా జరిగిందో అలా?"

ట్రూడీ ఫిల్మును బయటికి తీసి, మెరిసే వైపు ఇటు, మాసిన వైపు అటు అయ్యేలా తిప్పి, మళ్ళీ చక్రం పళ్ళకు తగిలించింది. "ఊఁ. చూడు."

ఈసారి ఎమెట్ కుడి వైపుకు పరిగెత్తాడు. జేబు ఎడమ రొమ్ము మీద, తాను కుట్టిన చోటే. తాడు కుడి పక్క. కొద్దిగా పైకి లేచింది ఎడమ భుజమే. ఇతనే ఆమె భర్త. థియేటర్లో చూసింది అతని ప్రతిబింబాన్నే.

కుడి రికాబు ఊడింది. కుడి కాలు జారింది. అతను కుడి పక్కకు ఒరిగిపోతుంటే, ఎడమ కాలు జీను మీదుగా లేచి, దానితో పాటు ఎడమ రికాబు పైకెగిరి జీను మీద అడ్డంగా పడింది. పట్టీ పొడుగ్గా, బిగువుగా, మొత్తంగా కనిపించింది. గుర్రం ఖాళీగా పరిగెడుతుంటే అది కొట్టుకుంటూనే ఉంది. ఊడలేదు.

"ఆపండి. అక్కడ. ఆ పట్టీ ఊడిందా?"

ట్రూడీ చక్రం ఆపి, భూతద్దం పెట్టి చూసింది. "లేదమ్మా. ఎడమది చెక్కుచెదరలేదు. ఊడింది కుడిది."

ఆనాడు వంటింట్లో ఎడమ పట్టీ కుట్టడం అయ్యాక లియోటా అడిగింది: "మరి కుడిది?" ఎమెట్ దాన్ని రెండు చేతులా గుంజి చూపించాడు. "దీనికేం, రాయిలా ఉంది. నీ దారం దాచుకో, నా చొక్కాలకు పనికొస్తుంది," అన్నాడు. ఆ మాట ఆమె మరచిపోలేదు. దానికి విలువ లేదనుకుని పక్కన పెట్టింది, అంతే.

"నేను ఎడమది కుట్టాను," అంది.

"ఏమిటి?"

"ఎడమ పట్టీ. నేనే కుట్టాను. అతను మా ఆయన."

ట్రూడీ చేతితొడుగులు తీసింది. వేలికి వేలికి నెమ్మదిగా తీసి, వాటిని బల్ల మీద పెట్టింది. "నాకు తెలియదమ్మా. తెలిస్తే జీను మీద పుట్టాడూ అదీ ఇదీ అనేదాన్ని కాదు."

"అనండి. అది నిజమే కదా."

"ఇన్నేళ్ళూ నీ కుట్టే తెగిందనుకున్నావా?"

లియోటా తల ఊపింది. ఊపిరి బయటికి వచ్చింది. అది ఎంత లోపలి నుంచి వచ్చిందంటే, ఆమె రెండు చేతులూ యంత్రం అంచును పట్టుకోవలసి వచ్చింది. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. ఒళ్ళంతా వదులైంది. బిగించి కట్టిన మూటను ఎవరో ఒక్క ముడి విప్పి చాపలా పరిచినట్టుంది. ఎమెట్ పోయాడు, అది అలాగే ఉంది. కుడి పట్టీ ఎందుకు తెగిందో తెలియదు. తోలు ఎండిపోయిందేమో, లోపల పురుగు కొట్టిందేమో. అతనే గుంజి చూశాడు, అతనికే తెలియలేదు. తెలుసుకోవాలని ఆమెకు అనిపించలేదు కూడా. తన చేతులు మాత్రం కావు.

"ఆకలేస్తోంది," అంది. అన్నాక తనకే ఆశ్చర్యం వేసింది.

"వెయ్యదూ మరి! పందెం నెగ్గావు." ట్రూడీ డబ్బా మూత తీసి, పంది మాంసం పెట్టిన రొట్టె సగానికి విరిచి, మళ్ళీ ఆలోచించి, మొత్తం ఆమె ముందు పెట్టింది. "చల్లారిన కాఫీ కూడా ఉంది. తాగితే నా వయసొస్తుంది, జాగ్రత్త."

లియోటా నవ్వింది. రొట్టె మొత్తం తిన్నది. ముక్కలు రాలకుండా కింద రుమాలు పరుచుకుని, ఒక్కో ముక్కా నమిలి తిన్నది. ట్రూడీ చూడనట్టుగా ఫిల్ము చుట్టుకుంటూ కూర్చుంది.

"ఆ చివరి ముక్క," అంది ట్రూడీ కాసేపటికి. "పడేది. నీకు కావాలా? హాల్బర్ట్‌కు చెప్పను. కాకపోతే ఇంట్లో పెట్టుకునే వస్తువు కాదిది. ఇట్టే అంటుకునే ఫిల్ము, పొయ్యి పక్కన పెడితే ఇల్లు కాలిపోతుంది."

లియోటా ఆలోచించింది. "వద్దు. మలుపు దాటాక ఎక్కడ కత్తిరిస్తారు?"

"ఇక్కడ. రికాబు ఊడకముందే. తర్వాత డ్వైట్ మొహం వస్తుంది."

"అయితే మీ సినిమాలో అతను పడడు."

"పడడు. దుమ్ములో దూసుకుపోతూనే ఉంటాడు. డెక్కల చప్పుడు కూడా పెడతాం. ఆస్కర్ కొబ్బరి చిప్పలు కొడతాడు, నువ్వు విని తీరాలి."

"కత్తిరించండి," అంది లియోటా. కత్తెర చప్పుడు విని, అప్పుడు లేచింది.

జేబు కుట్లు అక్కడే కూర్చుని విప్పింది. పొద్దు వాలేలోగా దాన్ని కుడి పక్కకు మార్చింది. పక్క మారినా కుట్టు మునుపటి కుట్టే. ఇన్నేళ్ళలో ఏ పని పూర్తి చేసినా దాన్ని లాగి చూసుకోవడం, మళ్ళీ లాగి చూసుకోవడం ఆమెకు అలవాటు. ఆ సాయంత్రం ఒక్కసారి లాగి చూసి, మడత పెట్టింది.

మర్నాడు పొద్దున్న బండల దగ్గర డ్వైట్ చొక్కా తొడుక్కుని కిందికి చూసుకున్నాడు. "ఇదేంటండీ, జేబు కుడి పక్కనుంది? పొగాకు సంచీ ఎడమచేత్తో తీయాలా?"

"తీయండి."

"కౌబాయ్‌లు నవ్వుతారు."

"నవ్వితే మైకులో వస్తుంది, నవ్వరు," అంది లియోటా.

హాల్బర్ట్ చేతిసైగ చేశాడు. కెమెరా తిరిగింది. డ్వైట్ చెయ్యెత్తాడు. ఆస్కర్ బండిలోంచి తల బయటికి పెట్టి, రెండు చేతులూ ఆకాశం వైపు చాపాడు. "దేవుడి దయ! చొక్కా నోరు మూసుకుంది. ఇక నీ నోరు కూడా మూయించగలిగితే మంచి సినిమా అవుతుంది."

గాడిదను దూరంగా బండి చక్రానికి కట్టేశారు. లియోటా నీడలో కూర్చుని వాళ్ళ పని చూసింది. మధ్యాహ్నం భోజనాల బుట్ట తెచ్చే గుర్రాలవాడు ఊరికే అడిగినట్టుగా ఒక జీను పట్టీ చూపించాడు, ఎవరైనా కుట్టగలరా అని. ఎప్పటిలా ఆమె తల తిప్పుకోలేదు. "ఇటివ్వండి," అంది. దబ్బనం లేదు, అతనిదే అడిగి తీసుకుంది. కుట్టడం అయ్యాక అతను లాగి చూశాడు. "గట్టిగానే ఉంది," అన్నాడు. "ఉంటుంది," అంది ఆమె.

శనివారం సాయంత్రానికి షూటింగు పూర్తయింది. సోమవారం ట్రూడీ పరుగు మొత్తం అతికించి అందరికీ వేసి చూపించింది. ఎమెట్ దుమ్ములోంచి వచ్చాడు, మలుపు తిరిగాడు, దూసుకుపోయాడు. ఆ వెంటనే డ్వైట్ పళ్ళు బిగించాడు. ఇద్దరూ ఒకడేనని నమ్మవచ్చు. హాల్బర్ట్ చేతులు రుద్దుకున్నాడు. లియోటా చివరి వరుసలో కూర్చుని రెండోసారి కూడా చూసింది. రెండోసారి కూడా అతను పడలేదు.

బేకర్స్‌ఫీల్డ్ బస్సు ఆదివారం ఆదివారం పొద్దున్నే ఉంటుంది. వచ్చే ఆదివారానికి సీటు అడిగి వచ్చింది. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. రీలు తీసుకెళ్ళి చూపించే వీలు లేదు, ఆర్ఫా సినిమాకు రాదు. ఎదురుగా కూర్చుని, చేతులెత్తి, కుడి ఎడమలు చెప్పాలి. పిల్లలకు చెప్పినట్టు చెబితే ఆమె ఏమనుకుంటుందో. నమ్ముతుందో లేదో.

ఆర్ఫాకు ఇంకా చెప్పలేదు.